గీత పైన జానెడు

రెండు గదుల ఇల్లు మాది.
ఒక గదిలో మంచం, మంచం కింద బియ్యం డబ్బా,
డబ్బా వెనక నా రేకుపెట్టె.
రెండో గదిలో రాహేలు కుట్టుమిషను, అమ్మ మడతమంచం,
తీగ మీద ఈ ముసురుకి ఎప్పటికీ ఆరని బట్టలు.

పదకొండేళ్ళుగా నేను ఓడలు కట్టింది
అన్నాలయ్యాక, వంటింటి గుమ్మంలో,
మోకాళ్ళ మీద పీట పెట్టుకుని.
ఎవరికి మంచినీళ్ళు కావాలన్నా
ఓడరేవు మొత్తం లేచి పక్కకి జరగాలి.

ఒకసారి అమ్మ, జిగురారని చుక్కానిని
చీపురుతో ఊడ్చేసింది.
"ఈగ రెక్క అనుకున్నాన్రా."
ఒకటికి వంద కొలతలో
అది ఈగ రెక్కంతే ఉంటుంది.
ఏమనగలను?

మొన్న ఆదివారం మందిరం నుంచి వచ్చి
చెప్పులు విప్పుతూ రాహేలే అంది:
"ఆ గోడ ఖాళీయే కదా."

ఆ గోడ.
కిటికీకీ కరెంటు మీటరుకీ మధ్య నాలుగడుగులు.
కేలండరు కూడా తగిలించలేదు అక్కడ.
రెండుసార్లు సున్నం కొట్టినా
లోపల్నుంచి తేలే గీత ఒకటుంది,
ముందటేడు వరద వచ్చి ఎక్కడ ఆగిందో అక్కడ,
నా మోకాలికి కాస్త పైన.
రసమట్టం ఆనించి చూశాను:
బుడగ నడిమధ్యన నిలబడింది.
ఫ్యాక్టరీలో పదేళ్ళ ఫిట్టర్ని,
ఇంత తిన్నగా నేనెప్పుడూ గీయలేదు.

గీత పైన జానెడు వదిలి
మేకులు దిగ్గొట్టాను.
బల్లకి కొత్త చెక్క కొనలేదు.
ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన తలుపు, సగానికి కోసింది.
మూడుసార్లు కడిగినా
ఉప్పూ రొయ్యా కలిసిన వాసన పోలేదు. ఉండనీ.
మడతబందులు వేశాను.
పగలు పైకి మడిచి కొక్కెం పెడితే
మిషను తిరగడానికి దారి.

తీరా బిగించాక చూస్తే
అమ్మ మంచం, బియ్యం డబ్బా,
నేను పడుకునే చాప,
అన్నీ గీతకి కిందే.
నా బెండు ఓడలు మాత్రం పైన.
సిగ్గేసింది కాసేపు.
షారోను అడిగింది:
"పడవలకి నీళ్ళంటే భయమేంటి నాన్నా?"

ఇంక సర్దడం.
అమ్మ మందుల సీసాల్లో గుండుసూదులు.
షారోను మూత విరగ్గొట్టిన కంపాస్ పెట్టెలో
బ్లేళ్ళు, ఉప్పుకాగితం ముక్కలు, సన్న ఆకురాయి.
జీలుగు బెండు చూరు కింద, ఎలకలకి అందకుండా.
ఈ తేమకి ప్లైవుడ్డు ఉబ్బుతుంది, అట్ట బూజు పడుతుంది,
బెండుది మాత్రం మా మురుగుకాలవ గట్టే,
ఈ గాలిలోనే పెరిగింది.
తెరచాప తాళ్ళకి దారం అడిగితే
రాహేలు లెక్కపుస్తకం తీసి రాసింది:
నలభై నంబరు, తెల్లది, ఒక ఉండ.
బదులుగా మిషను బెల్టు బిగించాలి.

మొదటి రాత్రి బల్ల దించాను.
దీపం చుట్టూ రెక్కల పురుగులు.
ఇన్నేళ్ళూ చూడని సముద్రాల ఓడలే కట్టాను
పాత పుస్తకంలో బొమ్మల్ని నమ్ముకుని.
ఈసారి తిరుమాని నాగేసు నావ.
ఆ వరదలో గుమ్మం దాకా తెచ్చి
మమ్మల్ని ఎక్కించుకుపోయిన నావ.

అది ఎంత పొడుగో
నాగేసుకే తెలీదు, "సరిపోయేంత" అన్నాడు.
అమ్మనడిగాను.
కళ్ళు మూసుకుని చేతులు చాపింది,
ఇంకాస్త చాపింది.
"మనం నలుగురం, రెండు మేకలు, మిషను తలకాయ.
ఇంకా చోటుందిరా."

ఆ చోటుని ఇరవైతో భాగిస్తున్నాను కాగితం మీద.

మేకలు తను చేస్తానంటోంది షారోను,
నల్లదానికి ఒక చెవి చిన్నదని గుర్తుచేస్తూ,
మోచేతులు ఆనించడానికి బల్ల మీద జాగా వెతుక్కుంటూ.

జరిగాను.